బయటి సాఫ్ట్‌వేర్‌ను పిలిచే ఫార్ములాలు మనం చెప్పినప్పుడే లెక్క కట్టాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. ముత్తుకూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అమ్మోనియా రిఫ్రిజిరేషన్ మీ బాధ్యత. ఆపరేటర్లు గంటకోసారి రాసే రీడింగులను రోజుకో షీటు చొప్పున ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నారు. నెల షీటు వాటన్నిటినీ లాక్కుని, ప్రతి వరుసలో నాలుగు సెల్లుల్లో కూల్‌ప్రాప్‌ను (ద్రవాలు, వాయువుల గుణాలు లెక్కకట్టి ఇచ్చే బయటి సాఫ్ట్‌వేర్) పిలిచి అమ్మోనియా గుణాలు తెచ్చుకుంటుంది. పైన ఆరు సెల్లులు ఆర్‌టీడీ ఫార్ములాతో (బయటి ప్రోగ్రాము నుంచి విలువలు అందుకునే ఎక్సెల్ ఫంక్షన్) స్కాడా నుంచి, అంటే ప్లాంటు యంత్రాలను కంప్యూటర్‌లో చూపించే వ్యవస్థ నుంచి, లైవ్ విలువలు చూపిస్తాయి. రిమార్క్స్ గడిలో ఒక్క మాట రాసి ఎంటర్ కొట్టినా 40 సెకన్లు స్క్రీన్ బిగుసుకుపోతోంది. విసిగిపోయి, ఎఫ్9 కొడితేనే లెక్క జరిగే మాన్యువల్ మోడ్‌లో పెడితే, ఆ ఎఫ్9 కొట్టడం మరిచిపోయి నిన్నటి సీఓపీ (వాడిన కరెంటుకు ఎంత చల్లదనం వచ్చిందో చెప్పే నిష్పత్తి) అంకెలే మేనేజరుకు వెళ్లాయి. లింకులు తెంచకుండా, మీకు కావాల్సిన సమయంలోనే లెక్క జరగాలని అడుగుతున్నారు.

ఒంగోలు, నెల్లూరు మధ్య కోల్డ్ స్టోరేజీలు, ఐస్ ప్లాంట్లు, గ్రానైట్ ఫ్యాక్టరీల కరెంటు లెక్కలు 20 ఏళ్లుగా చూస్తున్నాను. ఇలాంటి షీట్లు చాలానే తయారు చేశాను, కొన్ని పాడు చేసి నేర్చుకున్నాను. మాన్యువల్ మోడ్ మీ జబ్బుకు మందు కాదు. అసలు ఏది ఎవరి మాట విని కదులుతోందో తేలితే మీ షీటును ఆటోమేటిక్‌లోనే ఉంచుకుని హాయిగా పని చేసుకోవచ్చు.

బయటి సాఫ్ట్‌వేర్‌తో కట్టిన షీటులో మూడు గడియారాలు ఉండొచ్చు. మొదటిది ఎక్సెల్ సొంత లెక్క. ఒక సెల్లు మారితే దాని మీద ఆధారపడ్డ సెల్లులను గుర్తు పెట్టుకుని వాటిని మళ్లీ కడుతుంది. మీ కూల్‌ప్రాప్ ఫార్ములాలు దీని కింద నడుస్తాయి. రెండోది ఆర్‌టీడీ. ఇక్కడ బయటి ప్రోగ్రామే 'కొత్త విలువ వచ్చింది' అని ఎక్సెల్ తలుపు తడుతుంది. మూడోది డేటా కనెక్షన్ల రిఫ్రెష్. ట్యాలీ నుంచి ఓడీబీసీ (సాఫ్ట్‌వేర్ల మధ్య డేటా అందించే లింకు) ద్వారా స్టాకు లాక్కునేవాళ్లకు, పవర్ క్వెరీ (బయటి డేటాను తెచ్చే ఎక్సెల్ సాధనం) వాడేవాళ్లకు ఇది వర్తిస్తుంది, మీ షీటులో లేదు. ఈ మూడింటికీ స్విచ్చులు వేరువేరు. ఎఫ్9 కొడితే ట్యాలీ నుంచి కొత్త స్టాకు రాదు, దానికి డేటా ట్యాబ్‌లో రిఫ్రెష్ నొక్కాలి. అలాగే మాన్యువల్ మోడ్ పెట్టినంత మాత్రాన 'ప్రతి 10 నిమిషాలకు రిఫ్రెష్' అని కనెక్షన్ ప్రాపర్టీస్‌లో పెట్టిన క్వెరీ ఆగదు. వీటిని కలగాపులగం చేసుకోవడం వల్లే సగం గొడవలు.

ఇక మీ 40 సెకన్ల సంగతి. మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాట 'రిమార్క్స్ గడిలో రాసినా' అన్నది. రిమార్క్స్ గడి మీద ఏ ఫార్ములా ఆధారపడదు కదా. అందులో ఏం రాసినా ఎక్సెల్‌కు చేయాల్సిన పనే ఉండకూడదు. అయినా కదులుతోందంటే గొలుసులో ఎక్కడో వోలటైల్ ఫంక్షన్ ఉన్నట్టే. మీరు పెట్టిన ఫార్ములా చూస్తే అది కనిపించింది. తేదీని బట్టి షీటు పేరు కూర్చుకుని, ఆ షీటులోంచి ప్రెషర్ తెచ్చుకోవడానికి ఇండైరెక్ట్ వాడారు.

ఇండైరెక్ట్, ఆఫ్‌సెట్, నౌ, టుడే, ర్యాండ్ ఇవన్నీ వోలటైల్ ఫంక్షన్లు. వీటికి సంబంధించిన సెల్లు మారిందా లేదా అని ఎక్సెల్ చూడదు. ఎక్కడ ఏ లెక్క జరిగినా వీటినీ మళ్లీ కడుతుంది. అక్కడితో ఆగినా బాగుండేది. వీటి జవాబు మారకపోయినా సరే, వీటి మీద ఆధారపడ్డ సెల్లులన్నిటినీ వెంట తీసుకెళ్తుంది. మీ నెల షీటులో 30 రోజులు, రోజుకు 24 రీడింగులు, మొత్తం 720 వరుసలు. వరుసకు నాలుగు పిలుపులంటే 2880. మీ 40 సెకన్లను 2880తో భాగిస్తే పిలుపుకు సుమారు 14 మిల్లీసెకన్లు. కూల్‌ప్రాప్ నిదానం కాదు, దాన్ని అనవసరంగా 2880 సార్లు లేపుతున్నాం, అంతే. ఫిల్టర్ మార్చినా, ఒక వరుస చేర్చినా, షీటు పేరు మార్చినా ఇదే తంతు.

దీనికి ఆర్‌టీడీ తోడైంది. ఎక్సెల్ ఆర్‌టీడీ విలువలను మామూలుగా 2000 మిల్లీసెకన్లకు ఒకసారి తీసుకుంటుంది. అంటే రెండు సెకన్లకోసారి పైనున్న ఆరు సెల్లులు మారతాయి, అవి మారగానే లెక్క మొదలవుతుంది, లెక్క మొదలవగానే ఇండైరెక్ట్‌తో పాటు 2880 పిలుపులూ లేస్తాయి. రెండు సెకన్లకోసారి 40 సెకన్ల పని నెత్తిన పడితే ఏ కంప్యూటరైనా ఏం చేస్తుంది? కొత్త కంప్యూటర్ కొనిపించమని ఎవరో సలహా ఇచ్చారన్నారు, దయచేసి ఆ ఖర్చు పెట్టించకండి. కూల్‌ప్రాప్‌ను వీబీఏ (ఎక్సెల్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష) ద్వారా పిలుస్తుంటే ఆ ఫంక్షన్లు ఒకే కోర్ మీద నడుస్తాయి. ఎనిమిది కోర్లున్నా మిగతావి ఊరికే కూర్చుంటాయి.

కాబట్టి మొదటి పని ఇండైరెక్ట్ తీసేయడం. రోజుకో షీటు అలవాటు లాగ్‌బుక్ నుంచి వచ్చింది. కాగితానికి అది బాగుంటుంది, ఎక్సెల్‌కు బాగుండదు. రీడింగులన్నీ ఒకే షీటులో వరుసగా పెట్టండి. తేదీ, గంట, షిఫ్ట్, సక్షన్ ప్రెషర్, డిశ్చార్జ్ ప్రెషర్, రెండు ఉష్ణోగ్రతలు, యాంపియర్లు, అన్నీ కాలమ్‌లుగా. లెక్క షీటు అదే వరుసను నేరుగా చూస్తుంది, పేర్లు కూర్చే పనే ఉండదు. ఆపరేటరుకు ఒక రోజు పేజీ కనిపించాలంటే, వరుస సంఖ్య ఇస్తే ఆ గడి విలువ తెచ్చే ఇండెక్స్ ఫంక్షన్‌తో చూపించండి, ఇండెక్స్ వోలటైల్ కాదు. ఇంకెక్కడైనా దాక్కుని ఉన్నాయేమో చూడటానికి కంట్రోల్ ఎఫ్ కొట్టి, ఆప్షన్లలో 'వర్క్‌బుక్', 'ఫార్ములాస్' ఎంచుకుని ఒక్కొక్క పేరూ వెతకండి. ఫైలు తెరిచి ఏమీ ముట్టుకోకుండా మూసేస్తే 'సేవ్ చేయాలా' అని అడుగుతోందంటే చాలావరకు వోలటైల్ మిగిలి ఉన్నట్టే గుర్తు. పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలును కొత్త వెర్షన్‌లో మొదటిసారి తెరిచినప్పుడు కూడా అలా అడుగుతుంది, అది వేరు.

హెడింగులో 'ఈ రోజు తేదీ' కోసం టుడే పెట్టుకోవడం తప్పు కాదు. ఆ గడిని కూల్‌ప్రాప్ వైపు వెళ్లే ఏ ఫార్ములా చూడకుండా ఉంటే చాలు.

రెండో పని ఇంకా ముఖ్యం. జరిగిపోయిన రోజుల లెక్క మళ్లీ ఎందుకు? 3వ తేదీ ఉదయం 6 గంటల సక్షన్ ప్రెషర్ 28వ తేదీన మారదు కదా. షిఫ్ట్ మారే వేళ, రీడింగులు సరిచూసుకున్నాక, ఆ రోజు 24 వరుసల కూల్‌ప్రాప్ గడులను కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అక్కడే అతికించండి. ముడి రీడింగుల కాలమ్‌లు అలాగే ఉంటాయి, పోయేది ఫార్ములా మాత్రమే. ఎప్పుడైనా ఒక రీడింగు తప్పని తేలితే, ఈ రోజు వరుసలోంచి ఫార్ములా తెచ్చి ఆ ఒక్క వరుసలో వేసి, లెక్క కట్టించి, మళ్లీ వాల్యూస్ చేయండి. అప్పుడు బతికి ఉండే ఫార్ములాలు ఒక్క రోజువే. 24 వరుసలు, 96 పిలుపులు, పిలుపుకు 14 మిల్లీసెకన్లు చొప్పున సెకనున్నర లోపు. ఈ రెండు పనులు చేస్తే మీకు తక్కినవాటి అవసరమే రాకపోవచ్చు.

అయినా మీరు అడిగింది 'నేను చెప్పినప్పుడే' అని. దానికి నేను వాడేది, చాలామంది ముట్టుకోనిది, షీటు స్థాయిలో ఉండే ఎనేబుల్ క్యాలిక్యులేషన్ అనే ప్రాపర్టీ. ఆల్ట్ ఎఫ్11 కొట్టి వీబీఏ తెరవండి, ఎడమ పక్కన లెక్క షీటును ఎంచుకుని ఎఫ్4 కొడితే ప్రాపర్టీల జాబితా వస్తుంది, అందులో ఇది కనిపిస్తుంది. ఫాల్స్ పెడితే ఆ ఒక్క షీటు గడ్డకడుతుంది. ఎక్సెల్ ఆటోమేటిక్‌లోనే ఉంటుంది, మిగతా షీట్లు, మిగతా ఫైళ్లు మామూలుగా నడుస్తాయి. ఎఫ్9 కొట్టినా ఆ షీటు కదలదు. తిరిగి ట్రూ పెట్టగానే షీటంతా ఒకసారి లెక్క కడుతుంది. మీకు కావాల్సిన స్విచ్ సరిగ్గా ఇదే.

ఒక జాగ్రత్త. ఈ సెట్టింగు ఫైలుతో పాటు సేవ్ కాదు. మూసి తెరిస్తే మళ్లీ ట్రూ అయిపోతుంది. అందుకని ఫైలు తెరుచుకునేటప్పుడు నడిచే వర్క్‌బుక్ ఓపెన్ అనే మాక్రోలో (వీబీఏలో రాసే చిన్న ప్రోగ్రాము) ఫాల్స్ చేసే లైను ఒకటి రాయాలి. ఇంకో చిన్న మాక్రో రాసి రిపోర్ట్ షీటులో ఒక బటన్‌కు తగిలించండి. అది చేయాల్సినవి వరుసగా: ప్రాపర్టీని ట్రూ చేయడం, లెక్క పూర్తవగానే అప్పటి సమయాన్ని ఒక గడిలో విలువగా రాయడం, తిరిగి ఫాల్స్ చేయడం. మధ్యలో ఎర్రర్ వచ్చినా చివరి మెట్టు తప్పకుండా జరిగేలా ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టండి. లేకపోతే స్విచ్ తెరిచి ఉండిపోతుంది, ఎవరికీ తెలియదు.

ఆ సమయం గడిని తేలిగ్గా తీసుకోకండి. మీ మేనేజరుకు నిన్నటి అంకెలు వెళ్లింది ఆ గడి లేకపోవడం వల్లే. గడ్డకట్టిన అంకె చూడటానికి తాజా అంకెలాగే ఉంటుంది, దాని ముఖాన ఏ తేడా కనిపించదు. కాబట్టి రిపోర్ట్ షీటులో, అంటే గడ్డకట్టని షీటులో, రెండు గడులు పక్కపక్కన ఉంచండి. ఒకటి చివరిసారి లెక్క కట్టిన సమయం. రెండోది చివరి రీడింగు సమయం, రీడింగుల షీటులో సమయం కాలమ్‌కు మ్యాక్స్ వేస్తే వస్తుంది. మొదటిది రెండోదాని కంటే వెనకబడితే సీఓపీ గడులన్నీ ఎర్రగా మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. ఇక్కడ నౌ వాడి 'గంట దాటిందా' అని చూడాలనిపిస్తుంది. వాడకండి, వోలటైల్‌ను చేజేతులా మళ్లీ తెచ్చుకున్నట్టవుతుంది. రీడింగు సమయంతో పోల్చడమే సరైన ప్రశ్న కూడా. కొత్త రీడింగు రాకపోతే పాత లెక్కకు వచ్చిన లోటేమీ లేదు.

ఇప్పుడు ఆర్‌టీడీ. వీబీఏలో కంట్రోల్ జి కొడితే ఇమీడియట్ విండో వస్తుంది. అందులో అప్లికేషన్, చుక్క, ఆర్‌టీడీ, చుక్క, థ్రాటిల్ ఇంటర్వల్ అని ఇంగ్లీషు స్పెల్లింగులో, మాటల మధ్య ఖాళీ లేకుండా రాసి, ఈక్వల్ టు 60000 ఇచ్చి ఎంటర్ కొట్టండి. ఇకనుంచి నిమిషానికోసారే కొత్త విలువలు తీసుకుంటుంది. మైనస్ 1 ఇస్తే తనంతట తాను తీసుకోవడమే మానేస్తుంది, మాక్రోలో రిఫ్రెష్ డేటా అని పిలిచినప్పుడే తెచ్చుకుంటుంది. సున్నా ఇవ్వకండి, ఎంత వేగంగా వస్తే అంత వేగంగా తీసుకుంటుంది. ఈ సెట్టింగు మాత్రం ఎనేబుల్ క్యాలిక్యులేషన్‌కు తలకిందులు. ఎక్సెల్ మూసి తెరిచినా ఆ కంప్యూటర్‌లో అలాగే ఉండిపోతుంది, ఒక్క ఫైలుకే కాకుండా అన్నిటికీ వర్తిస్తుంది. అదే కంప్యూటర్ మీద ఇంకెవరైనా ఆర్‌టీడీ వాడుతుంటే వాళ్లకు చెప్పి మార్చండి.

లైవ్ సెల్లులను వేరే షీటులో పెట్టడం కూడా మేలు. కంట్రోల్ రూమ్‌లో చూసుకోవడానికి అవి, లెక్కకు కాదు. రెప్పపాటులో మారే ప్రెషర్ మీద సీఓపీ కట్టి చూడటం వల్ల ఉపయోగం లేదు. కంప్రెసర్ లోడ్ అయినప్పుడు ఒకటి, అన్‌లోడ్ అయినప్పుడు ఒకటి చూపిస్తుంది. నెల్లూరు మే నెల సంగతి మీకు నేను చెప్పాలా! ఉదయం 6 గంటల కండెన్సర్ ప్రెషర్‌కూ మధ్యాహ్నం 2 గంటల ప్రెషర్‌కూ పొంతన ఉండదు, దాంతో పాటే కంప్రెసర్ తాగే కరెంటూ పెరుగుతుంది. ఏ నిమిషంలో రీడింగు తీశామన్నదే ఆ అంకెకు విలువ. అందుకే గంటకోసారి లైవ్ విలువలను సమయంతో సహా రీడింగుల షీటులోకి విలువలుగా కాపీ చేసే మాక్రోను ఆన్‌టైమ్‌తో (చెప్పిన సమయానికి మాక్రోను నడిపే వీబీఏ ఆదేశం) నడిపించండి. లెక్క ఆ కాపీల మీదే జరగాలి. లైవ్ గడికీ కూల్‌ప్రాప్ గడికీ నేరుగా తీగ ఉండకూడదు.

మాన్యువల్ మోడ్ వద్దని ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, అది ఫైలుకు సంబంధించింది అనుకుంటారు అందరూ. కాదు, తెరిచి ఉన్న మొత్తం ఎక్సెల్‌కు సంబంధించింది. మొదట ఏ ఫైలు తెరిచామో దాని మోడ్ మిగతా ఫైళ్లన్నిటికీ పడుతుంది, అలా తెరిచి ఉండగా సేవ్ చేసిన ప్రతి ఫైలూ ఆ మోడ్‌ను మోసుకుపోతుంది. కొన్నేళ్ల కిందట ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసుకు డాలర్ రేటు బయటి నుంచి లాక్కునే షీటు చేసిచ్చాను. నిదానంగా ఉందని నేనే మాన్యువల్‌లో పెట్టాను. అకౌంటెంటు ఒక ఉదయం ముందు నా ఫైలు తెరిచి, తర్వాత ప్యాకింగ్ లిస్టు తెరిచి ఆరు స్లాబులు చేర్చారు. స్లాబుల కొలతలు ఎక్కాయి, కింద చదరపు అడుగుల మొత్తం మాత్రం పాతదే నిలిచింది. ఆ మొత్తంతోనే ఇన్వాయిస్ తయారైంది. కంటైనర్ చెన్నై దారి పట్టాక గానీ తేడా బయటపడలేదు. కాగితాలు మార్చేదాకా సరుకు రెండు రోజులు ఆగింది, ఆయన మాట పడ్డారు. ఆయన చేసిన తప్పేమీ లేదు. తన ఫైలు మాన్యువల్‌లో ఉందని ఆయనకు ఎలా తెలుస్తుంది? అప్పటి నుంచి ఇంకొకరి చేతికిచ్చే ఏ ఫైలునూ మాన్యువల్‌లో పెట్టలేదు.

తప్పనిసరిగా వాడాల్సి వస్తే, ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని ఎక్సెల్ ఐకాన్ మీద క్లిక్ చేయండి. విడిగా ఇంకో ఎక్సెల్ తెరవమంటారా అని అడుగుతుంది, అవునని చెప్పి ఆ ఫైలును అందులోనే తెరవండి. కింద స్టేటస్ బార్‌లో 'క్యాలిక్యులేట్' అని కనిపిస్తుంటే లెక్క బాకీ ఉన్నట్టు. మాన్యువల్‌లో సేవ్ చేసేటప్పుడు లెక్క కట్టే ఆప్షన్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అందుకే సేవ్ కొట్టగానే మీకు 40 సెకన్లు పట్టింది. హ్యాంగ్ అయిందనుకుని టాస్క్ మేనేజర్‌లోంచి మూసేయకండి, ఫైలు పోతుంది.

ఎఫ్9 రకాలు కూడా గుర్తుంచుకోండి. ఒట్టి ఎఫ్9 అయితే తెరిచిన ఫైళ్లన్నిటిలో మారినవాటిని, వోలటైల్‌ను కడుతుంది. షిఫ్ట్ ఎఫ్9 అయితే కళ్లముందున్న షీటు వరకే. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్9 అయితే మారినా మారకపోయినా అన్నిటినీ కడుతుంది. కూల్‌ప్రాప్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు ఇదే కొట్టాలి, ఎందుకంటే బయటి సాఫ్ట్‌వేర్ మారిందన్న సంగతి ఎక్సెల్‌కు తెలియదు, మీ రీడింగులు మారలేదు కాబట్టి పాత జవాబులే చూపిస్తూ ఉంటుంది. ఎనేబుల్ క్యాలిక్యులేషన్ ఫాల్స్‌లో ఉంటే ముందు ట్రూ చేయడం మరవకండి.

ఇంకొకరు మీకు ఇఫ్ పద్ధతి చెప్పారు, ఒక గడిలో 1 ఉంటే కూల్‌ప్రాప్‌ను పిలవడం, 0 ఉంటే ఖాళీ చూపించడం. పని చేస్తుంది, ఇఫ్ తనకు అవసరం లేని వైపు లెక్క కట్టదు కాబట్టి పిలుపు నిజంగానే ఆగుతుంది. కానీ 0 పెట్టగానే పాత విలువలు మాయమై, కింద సగటులు, మొత్తాలు చెడిపోతాయి. పాత విలువ నిలబడటానికి ఆ గడి తననే తాను చూసుకునేలా రాసి ఇటరేటివ్ క్యాలిక్యులేషన్ ఆన్ చేయమంటారు కొందరు. అది అస్సలు వద్దు. ఆన్ చేశాక నిజంగా పొరపాటున పడిన సర్క్యులర్ రిఫరెన్సులను కూడా ఎక్సెల్ చెప్పడం మానేస్తుంది.

మీ ఇంట్లో లిబ్రే ఆఫీస్ ఉందన్నారు. అక్కడ డేటా మెనూలో క్యాలిక్యులేట్ కింద ఆటో క్యాలిక్యులేట్ టిక్ తీసేయొచ్చు, మొత్తం కట్టించాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్9. గూగుల్ షీట్స్‌లో అయితే సెట్టింగ్స్‌లో క్యాలిక్యులేషన్ కింద 'మారినప్పుడు', 'మారినప్పుడు, నిమిషానికోసారి', 'మారినప్పుడు, గంటకోసారి' అని మూడే ఉన్నాయి, పూర్తిగా ఆపే స్విచ్ లేదు. మీ పనికి ఎక్సెలే నయం.

మీరు అడగలేదు గానీ ఫార్ములాలో ఒకటి కనిపించింది, చెప్పకుండా ఉండలేను. సక్షన్ ప్రెషర్‌ను గేజ్ నుంచి తీసి లక్షతో గుణించి నేరుగా కూల్‌ప్రాప్‌కు ఇస్తున్నారు. కూల్‌ప్రాప్ అడిగేది పాస్కల్స్‌లో అబ్సొల్యూట్ ప్రెషర్, అంటే వాతావరణ పీడనం కూడా కలిపిన ప్రెషర్. గేజ్ చూపే బార్‌కు 1.013 కలిపాక లక్షతో గుణించాలి. డిశ్చార్జ్ వైపు ఈ తప్పు అంతగా బయటపడదు, 40 డిగ్రీల దగ్గర అమ్మోనియా సంతృప్త పీడనం 15.5 బార్ పైచిలుకు ఉంటుంది కాబట్టి. బ్లాస్ట్ ఫ్రీజర్ వైపు మాత్రం మైనస్ 40 దగ్గర అది 0.72 బార్ మాత్రమే, వాతావరణ పీడనం కంటే తక్కువ. అక్కడ గేజ్ వ్యాక్యూమ్ చూపిస్తుంది, మీ ఫార్ములాకు మైనస్ అంకె వెళ్తుంది, ఎర్రర్ వస్తుంది. మీ షీటులో ఆ కంప్రెసర్ వరుసల్లో అక్కడక్కడా ఎర్రర్లు వస్తున్నాయన్నారే, కారణం లింకు తెగడం కాకపోవచ్చు, ఇదే అయి ఉంటుంది.

ఫైలు కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, ముందు ఇండైరెక్ట్ ఒక్కటే తీసేసి రిమార్క్స్ గడిలో మళ్లీ టైపు చేసి చూడండి. అది కూడా ఆర్‌టీడీ సెల్లులను తాత్కాలికంగా ఖాళీ చేశాక. అప్పుడు ఎన్ని సెకన్లు పట్టిందో ఇక్కడ రాయండి. ఇంకా ఆగుతోందంటే మిగిలిన వోలటైల్ ఎక్కడుందో కలిసి వెతుకుదాం. బటన్ మాక్రో రాయడంలో ఎక్కడ ఆగిపోయినా ఆ లైన్లు పెట్టండి, చూసి చెబుతాను.